బుష్‌ఫైర్ సీజన్‌కు ముందు గట్టర్ల పని: నిప్పురవ్వల నుంచి ఇంటి చూరును కాపాడుకునే సమగ్ర మార్గదర్శి

మా ఇల్లు మెల్బోర్న్‌కు తూర్పున, డాండెనాంగ్ కొండల వాలులో ఉంది. చుట్టూ యూకలిప్టస్ చెట్లు. ఇల్లు కొన్న మొదటి ఏడాది డిసెంబరులో (ఇక్కడ అది ఎండాకాలం) నిచ్చెన వేసుకుని గట్టర్‌లో, అంటే చూరు వెంట వాననీళ్ళు పట్టే కాలువలో, చెయ్యి పెట్టాను. పైన బొటనవేలు లోతున ఎండాకు, నలిపితే అప్పడంలా పొడి అయిపోయింది. దాని కింద తడి ఆరిన టీపొడిలా నల్లటి మట్టి. అందులో గడ్డి మొలిచి, అది కూడా ఎండిపోయి ఉంది. దానికి వేలెడు దూరంలో చెక్క ఫేసియా (గట్టర్‌ను బిగించే చూరు అంచు పలక), ఆ వెనకే అటక.

ఆ వేసవిలో మా నాన్న ఇక్కడే ఉన్నారు. కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నారు. గుప్పెడు ఆకు తీసి చూపిస్తే, "చూరులో గడ్డి కుక్కినట్టే ఉంది కదరా" అన్నారు. ఆయన చిన్నప్పుడు మా ఊళ్ళో అన్నీ తాటాకు ఇళ్ళే. ఎండాకాలంలో ఊరి ఆ చివర గడ్డివాముకు నిప్పంటుకుంటే, ఈ చివర వాళ్ళు కడవలతో నీళ్ళు, తడిపిన గోనెసంచులు, వేపమండలు పట్టుకుని కప్పులెక్కేవారట. మంట వాళ్ళ దాకా రాదు, గాలికి రవ్వ వస్తుంది. ఆ రవ్వ చూరులో పడిన వెంటనే కొట్టేస్తే ఇల్లు దక్కుతుంది.

ఆస్ట్రేలియా బుష్‌ఫైర్లలో, అంటే కార్చిచ్చుల్లో, జరిగేదీ ఇదే. చెట్ల బెరడు, ఆకులు, పుల్లలు మండుతూ పైకి లేచి, గాలికి కొట్టుకొచ్చి ఇళ్ళ మీద పడతాయి. ఇక్కడ దీన్ని 'ఎంబర్ అటాక్' అంటారు. అసలు మంట రాకముందే ఇది మొదలవుతుంది, మంట దాటిపోయాక కూడా గంటల తరబడి సాగుతుంది. ఇక్కడి కార్చిచ్చుల్లో కాలిపోయిన ఇళ్ళలో ఎక్కువ భాగం ఈ రవ్వల వల్లే అంటుకున్నాయని పరిశోధకులు పదే పదే చెప్పారు. 2003 జనవరి 18న కాన్‌బెర్రాలో దాదాపు 500 ఇళ్ళు పోయాయి. వాటిలో చాలావరకు వీధులు, ఫుట్‌పాత్‌లు ఉన్న మామూలు కాలనీ ఇళ్ళు. 2009 ఫిబ్రవరి 7, బ్లాక్ సాటర్‌డే నాడు మెల్బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలు. ఆ మంటల్లో విక్టోరియా రాష్ట్రంలో 173 మంది చనిపోయారు, 2,000కు పైగా ఇళ్ళు కాలిపోయాయి. ఆ రోజు రవ్వలు కిలోమీటర్ల కొద్దీ ముందుకెగిరి కొత్త మంటలు పెట్టాయి. అందుకే "మాది అడవి పక్కన కాదులే" అని ఊరుకోకండి. ఊరి అంచున కొత్తగా వచ్చిన ఎస్టేట్లలో మనవాళ్ళు చాలామంది ఉంటున్నారు. ఆ అంచు అవతలంతా ఎండు గడ్డి మైదానాలే.

ఇంటికి రవ్వ పట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. డెక్, కాళ్ళు తుడుచుకునే పట్టా, కిటికీ సందులు, ఇలా. నేను గట్టర్ గురించే రాస్తున్నాను, ఎందుకంటే అది కంటికి ఆనదు. కింద నిలబడితే ఆకు కనిపించదు. అందులో మంట లేచినా కింద ఉన్నవాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా అది పెంకుల కింద నుంచి అటకలోకి దూరుతుంది. అటక అంటుకున్నాక ఇంట్లోవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు.

ఒకటో పని: నేల మీద నుంచి ఇంటిని చదవడం

నిచ్చెన ఎక్కకముందు ఒక కాగితం తీసుకుని ఇంటి చుట్టూ తిరగండి. కప్పు పెంకులదా, కొలర్‌బాండ్ (రంగు పూత వేసిన ఉక్కు) రేకుదా? గట్టర్ లోహమా, పీవీసీనా? ఫేసియా చెక్కా, రేకా? ఏ వైపు కొమ్మలు కప్పు మీదికి వాలుతున్నాయి? డౌన్‌పైపులు (గట్టర్ నీళ్ళను కిందికి దించే గొట్టాలు) ఎన్ని, ఎక్కడెక్కడ? ఈ చివరిది కచ్చితంగా రాసుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

గట్టర్ అంటే చూరు వెంట ఉన్నదొక్కటే అనుకోవద్దు. రెండు వాలులు కలిసే లోయలాంటి చోటును 'వ్యాలీ' అంటారు. ఆకు ముందు అక్కడే పోగవుతుంది. గరాజ్ వెనక గోడల మధ్య దాగిన బాక్స్ గట్టర్, చిమ్నీ వెనక భాగం, స్కైలైట్ పై అంచు, రెండంతస్తుల ఇళ్ళలో పై గోడ కింది కప్పును కలిసే మూల, సోలార్ ప్యానెళ్ళ అడుగు, ఇవన్నీ చూడాలి. మా ఇంట్లో ఎక్కువ చెత్త దొరికింది ప్యానెళ్ళ కిందే. నేల మీద నుంచి ఫోన్‌ను పొడవాటి కర్రకు కట్టి వీడియో తీస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

అద్దె ఇల్లయితే ఆ ఫొటోలు పెట్టి ఏజెంటుకు ఈమెయిల్ రాయండి. గట్టర్లు శుభ్రం చేయించడం మామూలుగా ఇంటి యజమాని బాధ్యతే. నోటిమాటగా చెప్పి వదిలేయకండి.

రెండో పని: శుభ్రం చేయడం

ఎప్పుడు? మన దగ్గర ఆకురాలే కాలం శిశిరం. ఇక్కడ యూకలిప్టస్‌కు అలాంటి లెక్క లేదు, మంచి ఎండల్లోనే, నీళ్ళు తగ్గినప్పుడు ఎక్కువ రాలుస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లో మంటల సీజన్ మామూలుగా అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా. విక్టోరియాలో ఒక్కో ప్రాంతానికి విడిగా ప్రకటిస్తారు. మేము సెప్టెంబరులో ఒకసారి పూర్తిగా తీస్తాం, తర్వాత మార్చి దాకా నెలకోసారి, పెద్ద గాలి వీచిన వారాంతంలో తప్పకుండా. కొత్తగా పడిన గుప్పెడు ఆకు ఇంటిని కాల్చడానికి చాలు.

నిచ్చెన విషయంలో దయచేసి తొందరపడకండి. గట్టర్ పని చేస్తూ పడి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. గట్టి నేల మీద పెట్టండి. ప్రతి నాలుగు మీటర్ల ఎత్తుకు నిచ్చెన కాళ్ళు గోడకు ఒక మీటరు ఎడంగా ఉండాలి. పైకొస గట్టర్‌ను దాటి ఇంకో మీటరు పైకి రావాలి. గట్టర్ మీదే బరువంతా మోపితే అది నొక్కుకుపోతుంది. నిచ్చెనకు స్టెబిలైజర్ తగిలిస్తే ఈ బాధ ఉండదు. రెండు కాళ్ళూ ఒక చెయ్యీ ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. పక్కకు వంగి అందుకోవడం మానండి, దిగి నిచ్చెన జరపండి. కింద ఒకరు ఉండాల్సిందే. పాత ఇళ్ళలో కరెంటు తీగ వీధిలోంచి వచ్చి సరిగ్గా ఫేసియాకే తగులుకుంటుంది. అల్యూమినియం నిచ్చెనతో ఆ దరిదాపులకు వెళ్ళకండి. రెండో అంతస్తు, బాగా వాలుగా ఉన్న కప్పు, తడి కప్పు అయితే డబ్బులిచ్చి మనిషిని పిలిపించుకోవడమే మంచిది.

సామాను పెద్దగా అక్కర్లేదు. మందపాటి గ్లవ్స్ (గట్టర్‌లో రెడ్‌బ్యాక్ అనే విషపు సాలీళ్ళు ఉంటాయి), కళ్ళజోడు, మాస్క్, నిచ్చెనకు కొక్కెంతో వేలాడే బకెట్. ఆకు తోడడానికి రెండు లీటర్ల పాల డబ్బాను ఏటవాలుగా కోస్తే గట్టర్ వెడల్పుకు సరిపోయే చేట తయారవుతుంది. డౌన్‌పైప్ దగ్గర మొదలుపెట్టి దూరంగా తోడుకుంటూ వెళ్ళండి, లేకపోతే చెత్త గొట్టంలోకి జారుతుంది. పైన ఎండాకుతో పాటు అడుగున ఉన్న నల్ల మట్టినీ తీయాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు. ఎండితే అది కూడా రాజుకుంటుంది, మంట లేకుండా, నివురుగప్పిన నిప్పులా, గంటల కొద్దీ.

తర్వాత హోస్‌తో కడిగి, ప్రతి డౌన్‌పైప్‌లో నీళ్ళు కింద వరకూ వస్తున్నాయో లేదో చూడండి. వాననీళ్ళ ట్యాంకుకు కలిపి ఉంటే కడిగే ముందు ఆ గొట్టం తప్పించండి. తీసిన చెత్తను గోడ పక్కనే కుప్ప పోయకుండా గ్రీన్ బిన్‌లో (తోట చెత్త డబ్బాలో) వేసేయండి.

మూడో పని: ఆకు పడకుండా చూడటం

కప్పు మీదికి వాలిన కొమ్మ ఉన్నంతకాలం ఈ చాకిరీ తప్పదు. విక్టోరియాలో బుష్‌ఫైర్ ముప్పున్న ప్రాంతాల్లో, 2009 సెప్టెంబర్ 10 నాటికి ఉన్న ఇళ్ళకు '10/30 నిబంధన' వర్తిస్తుంది. ఇంటికి 10 మీటర్ల లోపు చెట్లతో సహా ఏ మొక్కనైనా, 30 మీటర్ల లోపు చెట్లు కాని పొదలను పర్మిట్ లేకుండా తీయొచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లో అదే '10/50', అంటే పొదలకు 50 మీటర్లు. ఇవి అన్ని ప్రాంతాలకూ వర్తించవు, మినహాయింపులూ ఉన్నాయి. కాబట్టి కౌన్సిల్‌ను అడిగాకే రంపం పట్టండి. చెట్టు మొత్తం కొట్టించాల్సిన పని చాలాసార్లు ఉండదు. కప్పు మీదికొచ్చిన కొమ్మలు, గట్టర్‌కు ఆనుకుని పాకే తీగలు తీయిస్తే చాలు. మాకు ఆ చెట్లంటే ఇష్టం, మూడు కొమ్మలు మాత్రమే తీయించాం.

నాలుగో పని: జాలీ

గట్టర్ గార్డ్ అమ్మేవాళ్ళు తలుపు తట్టి మరీ వస్తారు. వాళ్ళను మొదట అడగాల్సింది ఒకటే: ఇది దేనితో చేశారు?

మా ఇంటికి ముందువాళ్ళు ఒక పక్క నల్లటి ప్లాస్టిక్ జాలీ వేయించి వెళ్ళారు. చలికాలంలో ఒక తడి రోజున దాని ముక్క కోసి, ఇనుప బకెట్లో పెట్టి, గ్యాస్ లైటర్ చూపించాను. కొన్ని క్షణాల్లో ముడుచుకుని, మెత్తబడి, మండుతున్న చుక్కలు బొట్టు బొట్టుగా కింద పడ్డాయి. బకెట్ అడుగున ఆ చుక్కలు కాసేపు మండుతూనే ఉన్నాయి. ఎండాకు మీద ఆ చుక్కలు పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ వారమే మొత్తం పీకించేశాం. గట్టర్‌లో దూర్చే స్పాంజి ముక్కలు, బ్రష్‌లా ఉండే ప్లాస్టిక్ రకాలు కూడా ఇదే కోవకు చెందుతాయి, పైగా ఆకును పట్టి ఉంచుతాయి.

బుష్‌ఫైర్ ప్రాంతాల్లో ఇళ్ళ నిర్మాణానికి ఇక్కడ ఏఎస్ 3959 అనే ప్రమాణం ఉంది. మీ స్థలానికి ముప్పు ఎంతో 'బాల్' (బుష్‌ఫైర్ అటాక్ లెవెల్) రేటింగ్ చెబుతుంది, తక్కువ నుంచి ఎక్కువకు: లో, 12.5, 19, 29, 40, ఆ పైన ఫ్లేమ్ జోన్. రవ్వలు లోపలికి రాకుండా వేసే జాలీకి ఆ ప్రమాణంలో కన్నం 2 మిల్లీమీటర్లకు మించకూడదు. తుప్పు పట్టని ఉక్కు, కంచు, అల్యూమినియం వాడొచ్చు. గట్టర్‌కు కూడా మండని లోహపు జాలీయే, ఆ కొలతకు మించని కన్నంతో తీసుకోండి. జాలీ కప్పు వాలుకు దగ్గరగా ఏటవాలుగా ఉంటే ఆకు గాలికి జారిపోతుంది, బల్లపరుపుగా ఉంటే దాని మీదే పేరుకుంటుంది. వ్యాలీల్లో కూడా వేయించండి. రేకు కప్పయితే జాలీ లోహం, కప్పు లోహం పొసగాలి. కొలర్‌బాండ్ మీద రాగి కానీ స్టెయిన్‌లెస్ స్టీల్ కానీ వేస్తే కప్పు తుప్పు పడుతుంది. అల్యూమినియమో, కప్పుతో సరిపోయే పూత ఉన్న ఉక్కో అడగండి.

జాలీ వేశాక గట్టర్ సంగతి మరచిపోవచ్చని అమ్మేవాళ్ళు అంటారు, అది నిజం కాదు. సన్నటి పొడి, క్యాజురినా (సరుగుడు) సూదులు, పూల రేకలు లోపలికి దిగుతూనే ఉంటాయి. ఏడాదికోసారైనా ఒకచోట విప్పి చూడాలి.

ఐదో పని: గట్టర్ వెనక సందులు

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. జనం మాత్రం దీన్ని వదిలేస్తారు. గట్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా ఏదో ఒక రవ్వ పడుతుంది. అది అక్కడే చల్లారిపోవాలి, అటకలోకి దారి దొరకకూడదు.

రేకు కప్పు ఇళ్ళలో అలలు అలలుగా ఉండే రేకుకు, ఫేసియాకు మధ్య చిన్న చిన్న సందులు వరసగా ఉంటాయి. పెంకుల ఇంట్లో ఆఖరి వరస పెంకు కింద అలాగే. టార్చ్ పట్టుకుని పట్టపగలు అటకలోకి ఎక్కి, దీపం ఆర్పేసి చుట్టూ చూడండి. వెలుతురు గీతలా కనిపించే ప్రతిచోటా రవ్వ కూడా రాగలదు. నేను మొదటిసారి అలా చూసినప్పుడు ఉత్తరం వైపు చూరు పొడవునా నక్షత్రాల్లా చుక్కలు కనిపించాయి. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఈ సందులను మినరల్ ఊల్‌తో (మండని రాతి ఉన్నితో), రేకు ఆకారానికి కత్తిరించిన లోహపు పట్టీతో, లేదా 2 మిల్లీమీటర్ల జాలీతో మూయించాలి. డబ్బాలోంచి ఉబ్బి వచ్చే ఫోమ్ వద్దు, అది మండుతుంది. గట్టర్ పొంగినప్పుడు నీళ్ళు బయటికి పోయే దారిని మూసేయకూడదు, అటకకు గాలి ఆడాలి, అందుకే ఇది తెలిసిన రూఫ్ ప్లంబర్ చేత చేయించండి. కప్పు మీద గిరగిరా తిరిగే వెంటిలేటర్లకు, ఇవాపరేటివ్ కూలర్‌కు కూడా లోహపు జాలీ వేయించండి. కూలర్ ప్యాడ్లు ఎండి ఉంటే రవ్వకు బాగా అంటుకుంటాయి, ఫ్యాను ఆ రవ్వను లోపలికి లాగుతుంది కూడా.

చెక్క ఫేసియా పుచ్చి, పెచ్చులు లేచి ఉంటే మార్చేటప్పుడు రేకుది పెట్టించండి. పీవీసీ గట్టర్ మార్చే సందర్భం వస్తే లోహానిదే. 1990కి ముందు కట్టిన ఇళ్ళలో చూరు కింది పలకల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అక్కడ మీరే డ్రిల్ పెట్టొద్దు.

ఆరో పని: గట్టర్‌లో నీళ్ళు నింపే ఏర్పాటు

డౌన్‌పైపులను మూసి గట్టర్‌ను నీళ్ళతో నింపితే, పడిన రవ్వ చుయ్ మని ఆరిపోతుంది. దుకాణాల్లో గట్టర్ ప్లగ్‌లు దొరుకుతాయి. లేదంటే పాత సాక్సులో ఇసుక పోసి ముడి వేసి, దానికి మూరెడు తాడు కట్టండి. టెన్నిస్ బంతిని గుడ్డలో చుట్టినా పనిచేస్తుంది. మొదట్లో రాసుకున్న డౌన్‌పైపుల లెక్క ఇప్పుడు అక్కరకొస్తుంది. అన్నిటికీ సరిపడా చేసి, ఒక డబ్బాలో వేసి, గరాజ్ తలుపు దగ్గర పెట్టండి.

మబ్బు పట్టిన ఒక ఆదివారం పూట అంతా ఒకసారి చేసి చూసుకోండి. మామూలు గట్టర్ మీటరుకు ఐదారు లీటర్లు పడుతుంది. ఇంటి చుట్టూ 50 మీటర్లుంటే 300 లీటర్ల దాకా. అంత బరువును పాత బ్రాకెట్లు మోస్తాయా? ముందు అంచున పొడవాటి చీలికలున్న కొత్త రకం గట్టర్లలో నీళ్ళు ఆ చీలికల దాకానే నిలుస్తాయి. వాలు ఎక్కువుంటే ఒక చివర ఎండిగానే ఉంటుంది. మాకు రెండు చోట్ల అతుకులు కారాయి, ఆ రోజే తెలిసింది కాబట్టి సరిపోయింది.

దీనికి ఇంకో లోటు ఉంది. మంటల రోజున కుళాయిలో ఒత్తిడి పడిపోవచ్చు, కరెంటు పోతే ఎలక్ట్రిక్ పంపు ఆగిపోతుంది, వేడిగాలికి నిలిచిన నీళ్ళు ఆవిరవుతాయి. ఇంట్లోనే ఉండి కాపాడుకోవాలనుకునేవాళ్ళకు మంటల కోసమే విడిగా కనీసం 10,000 లీటర్ల ట్యాంకు, పెట్రోల్ లేదా డీజిల్ పంపు ఉండాలని అగ్నిమాపక సంస్థలు చెబుతాయి. ఆ ఏర్పాటు లేనివాళ్ళు నీళ్ళు నింపడాన్ని అదనపు సాయంగా మాత్రమే తీసుకోవాలి. చెత్త తీయడానికి, సందులు మూయడానికి అది బదులు కాదు.

ఆ రోజు

ఇక్కడ మంటల ముప్పును మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కటాస్ట్రోఫిక్ అని నాలుగు స్థాయిలుగా చెబుతారు. కటాస్ట్రోఫిక్ అన్న రోజున గట్టర్లు, ప్లగ్‌లు అన్నీ పక్కనపెట్టి ముందురోజు రాత్రో, తెల్లవారకముందో పిల్లలతో, పెద్దవాళ్ళతో బయల్దేరిపోవడమే. అలాంటి రోజు తట్టుకునేలా మన ఇళ్ళు కట్టలేదు. ఇన్ని పనులు చేసినా మేమూ వెళ్ళిపోతాం.

పొగ ఇంకా ఎక్కడా లేనప్పుడు, వేరే పనులన్నీ అయ్యాక సమయం మిగిలితే ప్లగ్‌లు బిగించి నీళ్ళు పట్టండి. పొగ కనిపించాక నిచ్చెన ఎక్కకండి. గాలి ఒక్కసారిగా దిశ మారుతుంది, పైన ఉన్నవాళ్ళకు కింద ఏం జరుగుతోందో తెలియదు. వెళ్ళేటప్పుడు కుళాయిలు, స్ప్రింక్లర్లు తెరిచి వదిలేయొద్దు, మంటలార్పేవాళ్ళకు నీటి ఒత్తిడి తగ్గిపోతుంది. విక్టోరియాలో విక్‌ఎమర్జెన్సీ యాప్, న్యూ సౌత్ వేల్స్‌లో హజార్డ్స్ నియర్ మీ యాప్ ఇప్పుడే ఫోన్లో వేసుకోండి. వేసవికి వచ్చిన అమ్మానాన్నల ఫోన్లలో కూడా. ప్రాణాపాయం ఉంటే 000కు ఫోన్ చేయండి. ఇంగ్లిష్‌లో మాట్లాడలేని పెద్దవాళ్ళకు మామూలు వివరాల కోసం దుబాసీ సేవ నంబరు 131 450 కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

మంట దాటిపోయాక

శిక్షణ, సామాను ఉండి ఇంట్లోనే నిలబడ్డవాళ్ళు మంట ముందుకు వెళ్ళగానే బయటికొచ్చి మొదట చూసేది చూరునే. గట్టర్లు, వ్యాలీలు, తర్వాత అటక. అటక మూత కిందే చిన్న నిచ్చెన, టార్చ్, నీళ్ళ బకెట్, మగ్గు ముందే పెట్టుకోవాలి. నూలు లేదా ఉన్ని బట్టలు, తోలు బూట్లు, పీ2 మాస్క్ (పొగలోని సన్నటి రేణువులను ఆపేది) వేసుకోవాలి. ఒక్కసారి చూసి కూర్చోకుండా కొన్ని గంటల పాటు తిరిగి తిరిగి చూస్తూనే ఉండాలి. వెళ్ళిపోయినవాళ్ళు అధికారులు దారి తెరిచాకే తిరిగి రావాలి.

ఇంటికొచ్చాక కరెంటు తీగలు తెగి పడలేదని చూసుకుని, గట్టర్‌లో చేరిన బూడిదను తోడేయండి. దాన్ని ట్యాంకులోకి కడగొద్దు. విమానాల నుంచి చల్లిన ఎర్రటి మందు కప్పు మీద పడి ఉంటే అదీ నీళ్ళలో కలుస్తుంది, కాబట్టి ట్యాంకు గొట్టం తప్పించాకే కప్పు కడగండి. ఆ తర్వాత డౌన్‌పైపుల్లో పెట్టిన ప్లగ్‌లను లెక్కపెట్టి మరీ తీసేయండి. ఒక్కటి మిగిలిపోయినా మొదటి వానకు నీళ్ళు వెనక్కి పొంగి, మీరు అంత కష్టపడి మూసిన ఆ చూరులోంచే ఇంట్లోకి దిగుతాయి.